చెదలు పట్టని పుస్తకాలు

మా అమ్మాయి ఇంటర్ పుస్తకాలకు చెదలు పట్టలేదు. పట్టాయని ఆమెతో చెప్పింది నేను. ఆ పుస్తకాలు ఏళ్ళ తరబడి నేను పనిచేసే హైస్కూలు స్టాఫ్ రూంలో, నా కుర్చీ వెనకున్న ఇనప బీరువాలో భద్రంగా ఉన్నాయి. తాళంచెవి నా జేబులోనే ఉండేది.

ఈ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు అప్పట్లో సగమే తెలుసు. మా అమ్మ తెలియకుండానే పోయింది. మా బంధువుల్లో, మా చర్చిలో, మా స్కూల్లో ఇప్పటికీ ఒక మాట తిరుగుతూ ఉంటుంది. మాస్టారు అన్నీ సమకూర్చాడు, ఆ పిల్లే ధ్యాస పెట్టలేదు, పెట్టి ఉంటే ఈపాటికి డాక్టరయ్యేది అని. ఆ మాట పుట్టించింది కూడా నేనే. అది నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది చిలకలూరిపేటకు దగ్గరలో ఒక నల్లరేగడి ఊరు. పత్తి, మిరప తప్ప మా ఊళ్ళో మూడో కబురు తక్కువ. మా అమ్మ చిన్నతనం నుంచి మిరప కోతలకు వెళ్ళిన మనిషి. నాకు సోషల్ టీచరుగా ఉద్యోగం వచ్చాక పొలం వెళ్ళడం మానింది గానీ తొడిమలు తీయడం మానలేదు. ఎండలు ముదిరేసరికి రైతులు ఎండుమిరపకాయల బస్తాలు తెచ్చి మా వాకిట్లో దింపేవాళ్ళు. మా పేటలో ఆడవాళ్ళంతా పందిరి కింద గుండ్రంగా కూర్చుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఒక్కో కాయా అందుకుని తొడిమ గిల్లి పారేసేవాళ్ళు. వాకిలంతా ఒకవైపు ఎర్రగా, ఒకవైపు తొడిమల గుట్టతో ఎండుగడ్డి రంగులో ఉండేది.

ఆ ఆడవాళ్ళ మధ్యలో కూర్చుని మా అమ్మాయి చదువుకునేది.

ఆమె పదో తరగతి దాకా నా స్కూల్లోనే తెలుగు మీడియంలో చదివింది. సొంత బడిలో సొంత బిడ్డను చేర్పించిన టీచరునని తల్లిదండ్రుల మీటింగుల్లో నేను గర్వంగా చెప్పుకునేవాణ్ణి. పిల్లలకు విషయం ముందు తల్లి భాషలో తలకెక్కాలని, తర్వాత ఏ భాషలోనైనా రాయగలరని కూడా చెప్పేవాణ్ణి. మా అమ్మాయి ఆ మాట నమ్మింది. ఇంటర్ బైపీసీలో ఇంగ్లీషు మీడియం తీసుకుంది గానీ, సీనియర్ల దగ్గర తెలుగు మీడియం పుస్తకాలు కూడా అడిగి తెచ్చుకుంది. పాఠం ముందు తెలుగులో చదివేది. పైకి, గట్టిగా, ముక్కుకి చున్నీ కట్టుకుని. తర్వాత పుస్తకం మూసి ఆడవాళ్ళకు చెప్పేది. వాళ్ళకు అర్థమయ్యేలా చెప్పగలిగిన తర్వాతే ఇంగ్లీషు పుస్తకం తెరిచేది. పరీక్షలు రాసేది ఇంగ్లీషులోనే. తెలుగు ఆమెకు రాయడానికి కాదు, అర్థం చేసుకోవడానికి.

"గుండెకి నాలుగు గదులుంటాయి పిన్నీ. పైన రెండు కర్ణికలు, కింద రెండు జఠరికలు," అని చెప్తోంది ఒకరోజు.

"మాకే రెండు గదులకి గతిలేదు. దానికి నాలుగెందుకంటా?" అని అడిగింది ఎదురింటామె.

"మంచి రక్తం, చెడ్డ రక్తం కలవకూడదు. అందుకని మధ్యలో గోడ."

"అత్తాకోడళ్ళకి మల్లే అన్నమాట," అంది ఇంకొకామె. ఆమె కోడలు పక్కనే కూర్చుని ఉంది. "మరి మా ఇంట్లో ఆ గోడ కట్టలేదేందే ఆ దేవుడు?"

"కడితే నీ బువ్వ ఎవరొండుతారు?" అంది కోడలు, కాయ మీంచి చూపు తిప్పకుండా.

పందిరి కింద అందరూ నవ్వారు. నవ్వేసరికి గుడ్డలు జారి, ఘాటు ముక్కుల్లోకి పోయి, వరసగా తుమ్ములు. మా అమ్మాయి కూడా తుమ్మింది. "ఆ తుమ్మిన చోటు మళ్ళీ చదువు, మాకు ఇనపళ్ళేదు," అంది మా అమ్మ.

మొక్కల్లో నీళ్ళు పైకెలా పోతాయో చెప్పాల్సి వచ్చిన రోజు ఆమె గుట్టలోంచి ఒక తొడిమ తీసి విరిచి చూపించింది. "ఇందులో సన్న గొట్టాలుంటాయి. వేరు దగ్గర తాగిన నీళ్ళు ఈ దారిలోనే కాయకి చేరతాయి. మీరు గిల్లి పారేసేది ఆ దారినే." అప్పటిదాకా మాట్లాడుతున్న ఆడవాళ్ళు ఒక్క క్షణం చేతుల్లో ఉన్న తొడిమలవైపు చూశారు. నేను గేటు దగ్గర సైకిలు పట్టుకుని నిలబడి ఉన్నాను. ముప్పై ఏళ్ళ సర్వీసులో నా క్లాసులో అలాంటి నిశ్శబ్దం నాకు ఎన్నిసార్లు దొరికిందో చెప్పలేను.

ఇప్పుడు మా వాకిట్లో బస్తాలు దిగవు. అమ్మ పోయాక పందిరి తీసేశాం. ఎండాకాలం సాయంత్రాలు స్కూలు నుంచి వచ్చి గేటు తీసేటప్పుడు నా చెవి ఇంకా ఆ గొంతు కోసం వెతుకుతుంది. చున్నీ అడ్డం ఉండటంతో కొంచెం ముక్కుతో పలికే గొంతు, మధ్యలో తుమ్ము, ఆ వెంటనే నవ్వు.

పుస్తకాలు ఎంచుకోవడంలో కూడా ఆమెది ఒక పద్ధతి. ఇంటర్ రెండో ఏడాదిలో మెడికల్ ఎంట్రన్సుకు మెటీరియల్ కొందామని గుంటూరు తీసుకెళ్ళాను. బ్రాడీపేటలో పుస్తకాల షాపుల ముందు జాతరలా ఉంది. నేను వెళ్ళగానే "ఎక్కువ ఏది పోతోంది?" అని అడిగాను. షాపతను బల్ల మీద ఒకదాని మీద ఒకటి పేర్చేశాడు. బిట్ బ్యాంకులు, మోడల్ పేపర్లు, ఇటుకరాళ్ళంత గైడ్లు.

మా అమ్మాయి వాటిలో ఒకటి తీసి, వెనక పేజీల్లో మూత్రపిండాల పాఠం వెతికి, నిలబడే చదవడం మొదలుపెట్టింది. పెదాలు కదులుతున్నాయి. చదివి పక్కన పెట్టింది. ఇంకోటి తీసింది. మళ్ళీ అదే పాఠం.

"ఏందమ్మా, ఇక్కడే ఎంట్రన్సు రాసేస్తావా ఏంది?" అన్నాడు షాపతను.

"నాకు ఈ పాఠం రాదండీ. ఏ పుస్తకం చదివితే వచ్చిద్దో చూస్తున్నా."

"అన్నిట్లో ఉండేది అదేగా."

"అన్నిట్లో అదే ఉంటే ఇన్ని పుస్తకాలెందుకండీ మరి?"

అతను నవ్వి ఇంకో బేరం వైపు తిరిగాడు. చివరికి ఆమె తీసుకున్నవి కేంద్ర సిలబస్ పుస్తకాలు, పాత ప్రశ్నల పుస్తకం ఒకటి. అంతే. నా చేతిలో సంచి ఖాళీగా ఊగుతుంటే నాకు సిగ్గేసింది. పక్కన తండ్రులు అట్టపెట్టెలు భుజాన వేసుకుని పోతున్నారు. బస్సులో కూర్చున్నాక "ఇవి చాలా?" అని అడిగాను. "ఇవీ, ఇంట్లో తెలుగువీ. ముందు ఇవి అయిపోనీ నాన్నా," అంది. అప్పటికి నేను కాదనలేదు.

ఆ ఏడాది ఏ కోచింగూ లేకుండా, వాకిట్లో చదివి, పరీక్ష రాసింది. సీటు రాలేదు. కానీ మా కేటగిరీలో సీటు ఆగిపోయిన చోటికి చాలా దగ్గర దాకా వెళ్ళింది. ఫిజిక్స్ ముంచింది. బయాలజీ బాగా చేసింది. ఇంకొక్క ఏడాది అదే దారిలో, ఫిజిక్స్‌కి కొంచెం సాయం తీసుకుని చదివి ఉంటే వచ్చేదని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు నాకు ఆ దగ్గరితనం కనిపించలేదు. రాలేదన్నది ఒక్కటే కనిపించింది.

మా స్టాఫ్ రూంలో లెక్కల మాస్టారు ఒకరుండేవారు. తుళ్లూరు వైపు మనిషి. రాజధానికి పొలం ఇచ్చారు. ఆయన నోట రెండే సంగతులు వచ్చేవి, ఒకటి తన ప్లాటు, రెండోది కొడుకు ర్యాంకు. కొడుక్కి ఆ ముందు ఏడాదే గుంటూరులో లాంగ్ టర్మ్ కోచింగ్ తర్వాత మెడిసిన్ సీటు వచ్చింది. చెడ్డ మనిషి కాదు. నిజంగా నా మంచి కోరే చెప్పాడు.

"ఇంకా తెలుగులో చదివిస్తున్నారా మాస్టారూ? రోజులెట్టా ఉన్నాయో చూస్తున్నారా? పిల్లకి తెలివుంది. మీరే దాన్ని వాకిట్లో కట్టేస్తున్నారు."

మిగతా టీచర్లు టీ తాగుతూ వింటున్నారు. నేను నవ్వాను. ఆ నవ్వు నాకు బాగా గుర్తుంది. అప్పటిదాకా మీటింగుల్లో నేను చెప్పిన మాటలన్నీ ఆ నవ్వుతోనే వెనక్కి తీసేసుకున్నాను.

మా దగ్గర ర్యాంకు వచ్చిన పిల్లవాడి మెటీరియల్‌కి ఉండే గిరాకీ కొత్త పుస్తకాలకు ఉండదు. ఫలితాలు రాగానే జనం ఆ ఇంటికి వెళ్ళి, సెట్టు మాకిస్తారా అని ముందే మాట తీసుకుంటారు. ఆ పుస్తకాలతోనే వచ్చింది కాబట్టి ఆ పుస్తకాల్లోనే ఉందని నమ్మకం. లెక్కల మాస్టారు తన కొడుకు సెట్టు ఎవరికీ ఇవ్వకుండా నాకోసం ఆపి ఉంచాడు. గోతంలో కట్టి మోటారుసైకిలు మీద మా ఇంటికి తెచ్చి దింపాడు. ప్రతి పుస్తకం అట్టమీదా పసుపు కుంకుమ బొట్టుంది, సరస్వతి పూజలో పెట్టినవి. మా అమ్మ ఆ బొట్లను కాసేపు చూసి, తర్వాత గోతం మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసింది. "ఆళ్ళ దేవుడూ చూశాడు, మన దేవుడూ చూశాడు. ఇంకేం భయం," అంది.

మా అమ్మాయి ఒక పుస్తకం తెరిచింది. పేజీ నిండా గీతలు. ఎరుపు, ఆకుపచ్చ, పసుపు. చాలాసేపు తిప్పి చూసి నాతో అంది.

"నాన్నా, ఈ గీతలన్నీ ఆ అన్నకి రాని చోట గీసుకున్నయ్యి. నాకు రానివి వేరే ఉన్నాయి."

"అతనికి సీటొచ్చింది," అన్నాను నేను.

అంతకంటే పనికిమాలిన జవాబు నేను నా క్లాసులో ఏ పిల్లవాడికీ ఇవ్వలేదు.

గుంటూరులో అదే కోచింగులో, హాస్టల్లో చేర్పించాం. చేర్పించిన రోజు అక్కడి ఇన్‌చార్జి "సొంత పుస్తకాలు ఏవైనా తెచ్చుకోవచ్చు సార్, మాకేం అభ్యంతరం లేదు" అనే చెప్పాడు. అడ్డం వచ్చింది నేనే. ఆమె ట్రంకుపెట్టె సర్దుకుని తెలుగు పుస్తకాలు పైన పెట్టుకుంటే, "ముందు ఇక్కడివి అలవాటు కానీ, వచ్చే వారం తెస్తాను" అని తీయించాను. ఆమె నమ్మి వాటిని మధ్య గదిలో చెక్క అరమీద, మా అమ్మ బైబిలు పక్కన పెట్టి వెళ్ళింది.

మరుసటి సోమవారం వాటిని సంచిలో వేసుకుని స్కూలుకు తీసుకెళ్ళాను. ఇంట్లో ఉంటే మనసు మెత్తబడి పట్టుకెళ్ళి ఇచ్చేస్తానేమోనని నా భయం. తెలుగు పుస్తకాలు చేతిలో ఉంటే ఆమె వాటినే పట్టుకుంటుందని, లేకపోతే దారికొస్తుందని అనుకున్నాను. నేను సంచి సర్దుతుంటే నా భార్య చూసింది.

"దాని పుస్తకాలు దాన్నడక్కుండా ఎక్కడికి?"

"స్కూల్లో పిల్లలకి కావాలి."

"అదడిగితే?"

"నేను చెప్పుకుంటాలే. నువ్వేం చెప్పబాక."

ఆమె చెప్పలేదు. నా మాట మీద నిలబడినందుకు ఆమె ఎంత బాధ మోసిందో నేను చాలా ఆలస్యంగా గమనించాను.

హాస్టల్లో ఆదివారాలు తల్లిదండ్రులను రానిచ్చేవాళ్ళు. షామియానా కింద చాపలు పరుచుకుని, క్యారియర్లు విప్పి, ఒక ముద్ద పెట్టి ఒక మార్కు అడిగే తల్లులు, తండ్రులు. మేమూ అంతే. గోంగూర, కోడికూర తీసుకెళ్ళాం. మా అమ్మాయి గబగబా తింటోంది. గొంతు బాగా చిన్నదైపోయింది, వినడానికి నేను ముందుకు వంగాల్సి వచ్చింది.

"జలుబు చేసిందా?" అని అడిగింది తల్లి.

"లేదమ్మా. ఇక్కడ పైకి చదవనివ్వరు. స్టడీ అవర్లో పెదాలు కదిలినా సార్ వచ్చి బల్లమీద కొడతాడు. పక్కనోళ్ళకి ఇబ్బందంట."

"మనసులో చదువుకోవాలి. అందరూ అట్టాగే చదువుతున్నారుగా," అన్నాను.

"మనసులో చదివితే నన్ను ఎవరూ అడగరు నాన్నా," అంది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. వాకిట్లో ఆడవాళ్ళ ప్రశ్నల మీదే ఆమె చదువు నిలబడిందని ఇప్పుడు అర్థమవుతోంది. తర్వాత నా సంచివైపు చూసింది. "తెలుగువి తెచ్చావా? అన్నీ వద్దు, బోటనీ ఒక్కటి చాలు. ఇక్కడ చెప్పేది వేగంగా పోతోంది. రాత్రి కాసేపు తెలుగులో చూసుకుంటే పట్టేసుకుంటా."

"చెదలు పట్టినయ్యమ్మా," అన్నాను.

నా భార్య క్యారియరు గిన్నెల మీదకు తల వంచేసుకుంది.

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. తీసి కాల్చేశాను, ఇల్లంతా పాకుతాయని."

మా అమ్మాయి చేతిలో ముద్ద అట్లాగే ఉంది.

"నానమ్మ బైబిలు కూడా ఆ అరమీదే ఉంటది కదా. దానికేం కాలేదా?"

"దానికేం కాలేదు," అన్నాను. వేరే జవాబు తయారు చేసుకోలేదు.

ఆమె నావైపు చూసింది. నింద ఏమీ లేదు ఆ చూపులో. పాఠం మధ్యలో ఏదో ఒకచోట అర్థం కాక ఆగినప్పుడు చూసే చూపు. తర్వాత "సరే" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ తర్వాత ఏ ఆదివారమూ ఆ పుస్తకాల మాట ఎత్తలేదు. ఆ రోజు పెద్ద గేటు దగ్గర మమ్మల్ని పంపించేటప్పుడు మాత్రం తల్లితో "వెళ్ళిరా అమ్మా" అని, నాతో "జాగ్రత్తగా వెళ్ళండి నాన్నా" అంది. అప్పటిదాకా నన్ను నువ్వు అనే పిల్ల. మా ఊరి బస్సులో కూర్చున్నాక గానీ నాకది తట్టలేదు. అప్పటినుంచి నన్ను మీరు అనే అంటోంది.

ఎన్నోసార్లు ఆ బీరువా తీసి బోటనీ పుస్తకం ఒక్కటైనా సంచిలో వేసుకోవాలనుకున్నాను. కాల్చేశానని చెప్పిన పుస్తకం ఎలా పట్టుకెళ్ళను? ఒక అబద్ధం చెప్పాక దాన్ని నిలబెట్టడమే నా పనైపోయింది. చాక్‌పీసుల కోసం బీరువా తీసినప్పుడల్లా ఆ అట్టలు కనిపించేవి. వాటి ముందు పాత మ్యాపులు అడ్డం పెట్టాను.

రెండోసారి పరీక్ష రాసింది. మొదటిసారి కంటే తక్కువ వచ్చింది. ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. నేను సబ్జెక్టుల వారీగా మార్కులు చూశాను. ఫిజిక్స్ మెరుగైంది, కోచింగు అంతవరకు పనిచేసింది. పడిపోయింది బయాలజీ. ఆమె వాకిట్లో కూర్చుని ఆడవాళ్ళకు నవ్వుతూ చెప్పిన బయాలజీ. ఫిజిక్స్‌లో పెరిగింది పెరిగినట్టుండి, బయాలజీ ముందులాగే ఉండి ఉంటే సీటు వచ్చేది. ఇది కనుక్కోవడానికి పెద్ద లెక్కలేం అక్కర్లేదు. నేను అక్కడికక్కడే గ్రహించాను, సెల్‌ఫోను జేబులో పెట్టేసుకున్నాను. ఆమె మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని, "నాకు బుర్ర లేదమ్మా, ఉన్నదనుకున్నాను" అని తల్లితో అంటోంది. తలుపు దగ్గర నిలబడి విన్నాను. అప్పుడు లోపలికి వెళ్ళి ఒక్క మాట చెప్పి ఉంటే చాలు. చెప్పలేదు.

అంతటితో ఆగి ఉన్నా బాగుండేది. ఆ తర్వాత నెలలో మా చర్చి వార్షికోత్సవ విందులో, పంతిలో కూర్చున్న పెద్దలు అడిగారు. అమ్మాయి సంగతి ఏమైంది మాస్టారూ అని. లెక్కల మాస్టారిని కూడా విందుకు పిలిచాను, ఆయనా అక్కడే ఉన్నాడు. ఆయన పుస్తకాల తప్పు కాదని చెప్పాలి, గుంటూరులో చేర్పించిన నా నిర్ణయం తప్పు కాదని చెప్పాలి. మిగిలింది ఒక్కటే.

"అన్నీ పెట్టి చూశామండీ. దానికే ధ్యాస లేదు," అన్నాను.

తల ఎత్తేసరికి మా అమ్మాయి సాంబారు బకెట్టుతో నా విస్తరి ముందు నిలబడి ఉంది. నాకు వడ్డించి, పక్కాయనకు వడ్డించి, వరస తప్పకుండా చివరిదాకా వెళ్ళింది.

మూడోసారి రాస్తావా అని అడిగితే వద్దంది. రాష్ట్ర ఎంట్రన్సులో వ్యవసాయ డిగ్రీకి సీటు వస్తే తనే వెళ్ళి చేరింది. చదువు పూర్తయ్యాక దర్శి దగ్గర ఒక ఊళ్ళో రైతు కేంద్రంలో ఉద్యోగం వచ్చింది. అక్కడే గది తీసుకుని ఉంటోంది. మా మీద కోపంతో ఉందని ఎవరూ అనలేరు. క్రిస్మసుకి వస్తుంది. వాళ్ళ అమ్మకు ఒంట్లో బాగాలేకపోతే మొదట చేరేది ఆమే. ప్రతి ఆదివారం ఫోను చేస్తుంది. "తిన్నారా?" "తిన్నాం. నువ్వు?" "తిన్నా. అమ్మకివ్వండి." నేను ఆ రెండు మాటల కోసం వారమంతా ఎదురుచూస్తాను, అవి అయిపోగానే ఫోను భార్యకిచ్చి, పక్కనే కూర్చుని వాళ్ళిద్దరి మాటల్లోంచి నా బిడ్డ గొంతు వినడానికి చూస్తాను.

ఈమధ్య నాకు ట్రాన్స్‌ఫర్ వచ్చింది. స్టాఫ్ రూం బీరువా ఖాళీ చేసి కొత్త మాస్టారికి తాళం అప్పగించాలి. పాత మ్యాపులు తీసేసరికి వెనక అవి ఉన్నాయి, పెట్టినవి పెట్టినట్టే. బోటనీ పుస్తకం తెరిచాను. గుర్తు కోసం పేజీల మధ్య మిరప తొడిమలు పెట్టుకుంది. అట్ట మడతలో రెండు గింజలు, ఎర్రటి పొడి. ఇన్నేళ్ళయినా ఆ ఘాటు పోలేదో, నాకు అనిపించిందో, తుమ్ము వచ్చింది. తుమ్మిన చోటు మళ్ళీ చదవమనే మనిషి లేదు. స్టాఫ్ రూంలో ఎవరూ లేని ఆ మధ్యాహ్నం ఆ పేజీ నేను పైకి చదివాను. నాకు సగం అర్థం కాలేదు. ఆ గొంతులో వినపడితే అర్థమయ్యేదనిపించింది.

ఇంటికి తెచ్చి నా భార్య ముందు పెట్టి మొత్తం చెప్పాను. ఆమె ఒక్కో పుస్తకం తుడిచి సంచిలో పెట్టింది. "నన్ను రమ్మనబాక. నువ్వే వెళ్ళు," అంది.

అద్దంకి మీదుగా దర్శి బస్సెక్కాను. సంచి ఒళ్ళో పెట్టుకున్నాను. ఆమె ఊళ్ళో దిగి రైతు కేంద్రం అడిగితే, "పురుగులమ్మాయా?" అని దారి చూపించారు. వసారాలో రైతులు కూర్చుని ఉన్నారు. నేను మెట్ల దగ్గర, ఆమెకు కనపడని చోట ఆగిపోయాను. ఎందుకంటే ఆమె మాట్లాడుతోంది. పైకి, గట్టిగా.

"పువ్వు కోసి అరచేతిలో దులపండి బాబాయ్. నల్లగా, సన్నగా కదిలితే అది తామర పురుగు. కదలకపోతే మందు కొట్టబాకండి."

"నిన్న మందుల కొట్టాయన ఇంకోటి చెప్పాడే."

"ఆయన అమ్మాల్సింది చెప్పాడు. నేను మీ చేతిలో కనపడేది చెప్తున్నా."

రైతులు నవ్వారు. ఆ గొంతు పోలేదు. నేను పోగొట్టానని ఇన్నేళ్ళూ అనుకున్నది ఇక్కడ, పరాయి ఊళ్ళో, పరాయి వాళ్ళ దగ్గర బతికే ఉంది. నాకు సంతోషం వేయాలి. వేసింది కూడా. కానీ ఆ సంతోషం నిండా మా ఖాళీ వాకిలే ఉంది.

రైతులు ఒక్కొక్కరే వెళ్ళారు. విత్తనాల సంగతి అడగడానికి ఒక ముసలాయన మిగిలాడు. అప్పుడు ఆమె నన్ను చూసింది.

"నాన్నా, ఎప్పుడొచ్చారు? అమ్మ బాగుందా?"

"బాగుందమ్మా," అని సంచి బల్లమీద పెట్టి విప్పాను.

ఆమె పై పుస్తకం అట్ట చూసింది. చేత్తో ముట్టుకోలేదు.

"ఎక్కడున్నయ్యి?"

"స్కూల్లో. నా బీరువాలో."

"కాల్చేశారనే అనుకున్నా," అంది. "చెదలు కాదని ఆ రోజే తెలుసు. నానమ్మ బైబిలుని వదిలి నా పుస్తకాలే తినే చెదలుంటాయా?" నవ్వబోయి ఆగింది. "పెద్దాయన్ని పంపించి వస్తా, కూర్చోండి."

"ఆయన్ని ఉండనీ అమ్మా," అన్నాను. "నీకు ధ్యాస లేదని నేనన్నప్పుడు పంతి నిండా మనుషులున్నారు. ఇప్పుడు ఒక్కరైనా విననీ."

ముసలాయన లేవబోయినవాడల్లా కూర్చుండిపోయాడు. నేను బస్సులో ఎన్నో మాటలు అనుకుంటూ వచ్చాను. అవేవీ గుర్తు రాలేదు. బల్ల అంచు పట్టుకుని నిలబడి చెప్పాను.

"నీకు బుర్ర లేక కాదమ్మా. ధ్యాస లేక కాదు. నీ చదువు నీకు తెలుసు. ఏ పుస్తకం కావాలో తెలుసు, ఎట్టా చదవాలో తెలుసు. నాకు సిగ్గేసి, దాన్ని నీ దగ్గర్నుంచి తీసేశాను. మార్కులు చూసిన రోజే నాకు అర్థమైంది, తప్పు నాదని. అయినా నీ మీద వేశాను. నువ్వు సాంబారు వడ్డిస్తుంటే నీ ఎదురుగానే వేశాను. నన్ను క్షమించమ్మా."